కెరటం సోమవారం వచ్చింది

వీపుకి సంచి తగిలించుకుని ఊళ్లు తిరగడం, పలక మీద నిలబడి కెరటాల మీద జారడం... ఈ రెండూ పెళ్లికాని పాతికేళ్ల వాళ్ల సరదాలని నేనూ అనుకునేదాన్ని. నాకిప్పుడు ముప్పై ఏడు. షార్జాలో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాం. మా ఆయన ఉద్యోగం దుబాయ్‌లో, పాప నాలుగో తరగతి. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఆ చదువు ఇన్నాళ్లూ పాప హోమ్‌వర్క్‌కి, కుక్కర్ విజిల్ ఎందుకు రావట్లేదో కనిపెట్టడానికి తప్ప దేనికీ వాడలేదు. అలాంటి నేను ఈ జనవరిలో మా బిల్డింగ్‌లో ఉండే విజయనగరం అక్కతో కలిసి మూడు రోజులు తూర్పు తీరం ఊళ్లు తిరిగొచ్చాను. కెరటాల కోసమే వెళ్లాను. అక్కడ ఒక్క కెరటం లేదు. అది ఎప్పుడొచ్చిందో తర్వాత చెప్తాను.

వాట్సాప్‌లో ఫొటోలు చూసిన స్నేహితురాళ్లందరూ ఒకటే అడిగారు. ఎక్కడికి వెళ్లావు, ఎంత ఖర్చయింది అని కాదు. "నీకు టైమ్ ఎలా దొరికిందే?" అని. ఆ ప్రశ్నకి అప్పుడు నవ్వుతున్న బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అసలు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మాది విశాఖపట్నం. మేడ మీదకెక్కితే సముద్రం కనపడే ఇల్లు. అయినా పెళ్లయ్యే దాకా నేను మోకాళ్ల లోతు దాటి నీళ్లలోకి దిగలేదు. విశాఖ ఆడపిల్లల్ని అడిగి చూడండి, చాలామంది ఇదే చెప్తారు. చీర అంచు, చుడీదార్ కాళ్లు తడుపుకోవడం, మొక్కజొన్న పొత్తు తినడం, ఇంటికి రావడం. అంతే మన సముద్రం. మా ఇంట్లో దానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మా పెద్దమ్మ కొడుకు స్నేహితులతో యారాడ వెళ్లి తిరిగి రాలేదు. ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. ఈత బాగా వచ్చినవాడు. ఆ రోజు నుంచి మా అమ్మ సముద్రం గురించి చెప్పేది ఒక్కటే మాట, "దానికి వీపు పెట్టి నిలబడకండి." మా అమ్మకి తెలియకపోయినా, లైఫ్‌గార్డులు కూడా చెప్పే జాగ్రత్త అది.

ఇక్కడికి వచ్చాక కూడా బీచ్ అంటే బిర్యానీ డబ్బా, చాప, పిల్లల ఇసుక బకెట్టు. 2023లో దుబాయ్‌లో రాత్రిపూట ఈతకి మూడు బీచ్‌లు తెరిచారు, జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖేమ్ 1. పెద్ద పెద్ద దీపాలు, రాత్రంతా లైఫ్‌గార్డులు. ఎండ లేదు, చూసేవాళ్లు పెద్దగా లేరు. పాపకి ఈత నేర్పిద్దామని వెళ్లిన నేను, నడుం లోతు నీళ్లలో మొదటిసారి నిలబడ్డాను. గల్ఫ్ నీళ్లు మన బంగాళాఖాతంలా గుంజవు. కొలనులా ఉంటాయి. ఆ శీతాకాలం అయ్యేసరికి మా అపార్ట్‌మెంట్ ఈతకొలనులో అటు చివర నుంచి ఇటు చివరకి ఆగకుండా రాగలిగాను. మరుసటి ఏడు సన్‌సెట్ బీచ్‌లో సర్ఫింగ్ పాఠం. బుర్జ్ అల్ అరబ్ పక్కన ఉండే బీచ్ అది. మాకు నేర్పిన అమ్మాయిది ఫిలిప్పీన్స్‌లోని సియార్గావ్ దీవి. అక్కడ పిల్లలకి కెరటమంటే మనకి సైకిల్ లాంటిదట. ఫోమ్‌తో చేసిన తొమ్మిదడుగుల పలక ఇచ్చి, ముందు ఇసుకలోనే పడుకోబెట్టి, లేపి, పడుకోబెట్టి, లేపి, ఇక లోపలికి వెళ్దామంది. ఆ రోజు నీళ్లు అద్దంలా ఉన్నాయి. నేను పలక మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ తిరిగానంతే. డబ్బు దండగ అనుకున్నాను. కానీ రాత్రి పడుకున్నా ఒంటికి ఇంకా ఊగుతున్నట్టే ఉంది.

ఇక్కడ కాస్త ఫిజిక్స్ చెప్పకుండా ఉండలేను, ఓపిక పట్టండి. వేడి టీ సాసర్‌లో పోసి ఊదితే చిన్న చిన్న ముడతలు వస్తాయి కదా. సాసర్ ఎంత వెడల్పుంటే ముడత అంత పెరుగుతుంది. సముద్రంలోనూ అంతే. గాలి ఎంత గట్టిగా, ఎంత సేపు, ఎంత దూరం నీటి మీద పరిగెత్తిందన్న దాన్ని బట్టే కెరటం. విశాఖకి వచ్చే పెద్ద కెరటాలు ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టి వేల కిలోమీటర్లు నడిచొస్తాయి. గల్ఫ్ మాత్రం చిన్న సాసర్. పొడవు సుమారు వెయ్యి కిలోమీటర్లు, సగటు లోతు 35 మీటర్లు. బయటి మహాసముద్రపు కెరటాలు హోర్ముజ్ ఇరుకులోంచి లోపలికి రాలేవు. కాబట్టి ఇక్కడ కెరటం పుట్టాలంటే ఒక్కటే దారి, షమాల్. అరబ్బీలో ఆ మాటకి ఉత్తరమని అర్థం. ఇరాక్ వైపు నుంచి గల్ఫ్ పొడవునా వాయవ్యపు గాలి రెండు మూడు రోజులు వీస్తే దుబాయ్ ఒడ్డుకి కెరటాలొస్తాయి. గాలి వీస్తున్నంత సేపూ నీళ్లు చిందరవందరగా ఉంటాయి. గాలి తగ్గిన కొన్ని గంటలు మాత్రం వరుసగా, శుభ్రంగా వస్తాయి. ఆ తర్వాత మళ్లీ కొలనే. అంటే డిసెంబరు నుంచి మార్చి దాకా, అదీ నెలకి నాలుగైదు పూటలు దొరికితే గొప్ప. ఆ పూటలు శనివారమే రావాలని ఏమీ లేదు.

గడియారం చూసి వచ్చే కెరటాలు కూడా ఈ దేశంలో ఉన్నాయి. అల్ ఐన్‌లో జెబెల్ హఫీత్ కొండ కింద వాడి అడ్వెంచర్‌లో చాలా ఏళ్లుగా కెరటాల కొలను ఉంది. అబూ ధాబీ హుదైరియాత్ దీవి మీద కెల్లీ స్లేటర్ కంపెనీ సాంకేతికతతో ఉప్పునీటి కొలను కట్టారు. 2025 ఫిబ్రవరిలో వరల్డ్ సర్ఫ్ లీగ్ పోటీలు అక్కడే జరిగాయి. చెప్పిన నిమిషానికి కెరటం లేస్తుంది. పాప స్కూల్ బస్ కంటే నమ్మకం. ధరల పేజీ తెరిచి, మా నెల సరుకుల బిల్లుతో పోల్చుకుని, మూసేశాను.

సరే, సముద్రపు కెరటమే కావాలి. అయితే ముందు ఇంట్లో కొన్ని గట్లు దాటాలి. బోర్లా పడుకున్న దాన్ని ఒక్క ఊపులో రెండు పాదాల మీద లేవడం సర్ఫింగ్‌లో అసలు విద్య. దానికి రోజూ సాధన చెయ్యాలి. హాల్లో చాప వేసుకుని పాప లెక్కపెడుతుంటే పదిహేను సార్లు చేసేదాన్ని. విజిట్ వీసా మీద అనకాపల్లి నుంచి వచ్చిన మా అత్తగారు రెండు రోజులు చూసి, మూడో రోజు, "అమ్మాయ్, ఆడవాళ్లు సాష్టాంగం చెయ్యకూడదు, మోకాళ్ల మీద చెయ్యి" అన్నారు. నేను పలక సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు. "నల్లబడిపోతావేమో" అన్నారంతే.

నల్లబడ్డాను. జింక్ ఉన్న సన్‌స్క్రీన్ తెల్లగా సున్నం కొట్టినట్టు పూసుకున్నా నల్లబడ్డాను. బట్టలకి మాత్రం ఇక్కడ ఇబ్బంది లేదు. నిండు చేతుల రాష్ గార్డ్, కాళ్ల దాకా వచ్చే ఈత లెగ్గింగ్స్ వేసుకున్న అరబ్బు అమ్మాయిలు పక్కనే ఉంటారు. మిమ్మల్ని ఎవరూ తేరిపార చూడరు. ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకని ప్రశ్నలు వేరే ఉన్నాయి. మెడలో గొలుసు పలకకి పట్టుకుంటే? నేర్పే అమ్మాయి మొదటి రోజే నగలన్నీ తియ్యమంది. మెట్టెలు తీశాను. పాదం వేలికి, పలకకి మధ్య అవి ఉంటే కోసుకుపోతుందని రెండోసారికి నాకే తెలిసింది. సూత్రాలు మాత్రం తియ్యబుద్ధి కాలేదు. అత్తగారే దారి చెప్పారు. గొలుసు ఇంట్లో పెట్టి, పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లమన్నారు. లాగితే తెగే తాడు. ఇప్పుడు ఉప్పునీళ్లకి నాలుగో తాడు మార్చాను.

ఇక ప్రయాణం. 2022 జనవరి నుంచి ఈ దేశంలో వారాంతం శని, ఆదివారాలైంది కదా. షార్జాలో మాత్రం శుక్రవారం కూడా సెలవే. పాపకి మూడు రోజులు సెలవు, మా ఆయనకి రెండే. మామూలుగా ఆ శుక్రవారం నాకు అదనపు పని రోజు. ఈసారి అత్తగారు ఉన్నారు. "వెళ్లి రా, మూడు రోజులకి మేం ఆకలితో చచ్చిపోం" అన్నారు. బయల్దేరే ముందు రాత్రి చపాతీ పిండి, పప్పు, రెండు రకాల పచ్చళ్లు సర్ది, ఫ్రిజ్‌లో ఏ డబ్బా ఏ పూటకో చీటీలు అంటించాను. ఇంత చేసి "ప్రయాణానికి టైమ్ దొరికింది" అనడమేంటని అప్పుడే అనిపించింది. అది దొరికింది కాదు. నా పనిలో సగం ముందు రోజుకి జరిగింది, మిగతా సగం అరవై ఎనిమిదేళ్ల ఆవిడ మోకాళ్ల మీదకి జరిగింది. మా ఆయన వంతుకి ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడం వచ్చింది. నా టైమ్ అంతా మా అత్తగారిచ్చిందే, ఆ మాట ఇక్కడ రాయకపోతే తప్పు.

సంచి బరువు ఏడు కిలోలు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ట్రాలీ సూట్‌కేసు లేకుండా తిరగడమే మనకి అసలు కష్టం. రెండు జతలు, త్వరగా ఆరే తువ్వాలు, నీళ్ల సీసా, పులిహోర, కారప్పొడి. అక్క చెప్పకుండా అప్పడాల పొట్లం పెట్టింది. వెళ్లేటప్పుడు వాళ్లాయన కారులో దింపారు. షార్జా నుంచి ఖోర్ ఫక్కాన్‌కి 2019లో తెరిచిన కొత్త రోడ్డు హజర్ కొండల్ని తొలుచుకుంటూ పోతుంది. సొరంగం అయిపోగానే ఇంకో సొరంగం, మధ్యలో కాఫీపొడి రంగు కొండలు. గంట లోపే చివర్లో ఒక్కసారిగా నీలం. మ్యాప్‌లో చూస్తే ఖోర్ ఫక్కాన్, కల్బా రెండూ షార్జావే. మధ్యలో ఫుజైరా ఉంటుంది. ఏడు ఎమిరేట్లలో గల్ఫ్ వైపు అంగుళం తీరం కూడా లేనిది ఫుజైరా ఒక్కటే. దాని సముద్రమంతా ఒమాన్ సింధుశాఖే, అంటే అరేబియా సముద్రానికి వాకిలి.

అందుకే నాకు ఆశ. ఇటు సాసర్ పెద్దది కదా, కెరటం ఉంటుందని. ఖోర్ ఫక్కాన్ ఒడ్డున సంచి దించి చూస్తే, ఆ అర్ధచంద్రాకారపు బీచ్‌లో నీళ్లు మంచం మీద పరిచిన దుప్పటిలా ఉన్నాయి. "ఏటే, ఈ సముద్రం నిద్దరోతంది!" అంది అక్క. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. శీతాకాలంలో షమాల్ వాయవ్యం నుంచి వీస్తుంది. హజర్ కొండలు గోడలా అడ్డం. గాలి భూమి మీంచి సముద్రం వైపు పోతుంది కాబట్టి ఈ ఒడ్డుకి కెరటం తేదు. 2007 జూన్‌లో గోనూ తుపాను వచ్చినప్పుడు ఇదే తీరంలో సముద్రం రోడ్ల మీదకి వచ్చింది. ఇలాంటి ఒడ్డుకి కెరటం అంటే అదీ. అది మనకొద్దు. ఇంటి దగ్గర రెండు నిమిషాలు గాలి మ్యాప్ చూసుకుంటే తేలిపోయే విషయం. ఫిజిక్స్ చదివి ఏం లాభం?

అయినా వచ్చేశాం కదా. ఆ మూడు రోజులూ మాకు చేతినిండా గంటలున్నాయి. ఎవరికీ టిఫిన్ పెట్టక్కర్లేదు. ఉదయం చేపల బజారులో అరగంట నిలబడ్డాం. ఇక్కడివాళ్లు కనద్ అనే చేప మన వంజరమే. ఒడ్డున కొత్తగా కట్టిన రోమన్ పద్ధతి రంగస్థలం, దాని పక్కన కొండ మీంచి దూకే కృత్రిమ జలపాతం, అవతల కంటైనర్ ఓడల రేవు. 1507లో పోర్చుగీసు అల్బుకెర్క్ వచ్చి ఈ ఊరిని తగలబెట్టాడు. గోవా మీద పడ్డవాడు ఇతనే, మూడేళ్ల తర్వాత. మధ్యాహ్నం ఒక కెఫెటేరియాలో పరోటా, కరక్ చాయ్. మలయాళీ అన్న మా సంచులు చూసి, "కారు పాడైందా?" అని అడిగాడు. ఇద్దరు ఆడవాళ్లు సంచులతో నడుస్తుంటే కారు పాడవడం తప్ప ఆయనకి ఇంకో కారణం తట్టలేదు.

రెండో రోజు ట్యాక్సీలో బిదియా. అక్కడి మసీదు ఈ దేశంలో నిలిచి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది, 1446 నాటిదని చెప్తారు. మట్టి, రాయి, నాలుగు చిన్న గుమ్మటాలు, వాటన్నిటినీ మోసే ఒకే స్తంభం. కలప వాడలేదు. మాకు తొడుక్కోవడానికి అబాయాలు ఇచ్చారు. లోపల నలభై మంది పడితే గొప్ప. బయట ఎండలో ఉన్నదానికీ లోపలికీ ఉన్న తేడా మా తాతగారి మట్టింటి వసారాని గుర్తుచేసింది. అక్కణ్నుంచి అల్ అఖా దగ్గర స్నూపీ ఐలాండ్. బొమ్మల కథల్లోని కుక్క వెల్లకిలా పడుకున్నట్టుండే చిన్న రాతి దీవి. కెరటం లేకపోవడం ఇక్కడ వరమైంది. కళ్లద్దాలు, గొట్టం పెట్టుకుని నీళ్లలో మొహం పెడితే అడుగు దాకా కనపడుతుంది. ఈత రాని అక్క కూడా లైఫ్‌జాకెట్‌తో గంటన్నర మొహం పైకెత్తలేదు. తాబేలు కనిపించిందని గొట్టంలోంచే అరిచింది.

సాయంత్రం దిబ్బా. మనకి దిబ్బంటే దిబ్బరొట్టే కాబట్టి ఆ బోర్డు దగ్గర ఫొటో తప్పదు. ఈ ఊరు మూడు ముక్కలు. ఒకటి ఫుజైరాది, ఒకటి షార్జాది, మూడోది ఒమాన్ దేశానిది. ఒక వీధి చివర నుంచి ఇంకో వీధికి పోతే పాలించేవాళ్లు మారిపోతారు. రాత్రి ఆ ఒడ్డున కూర్చున్నప్పుడే గాలి మారింది. కొండల మీంచి వేడిగా, ఇసుక వాసనతో. ఫోన్ తీసి చూస్తే అటు గల్ఫ్ మీద వాయవ్యం నుంచి ఎర్ర బాణాలు. షమాల్! ఆదివారం సాయంత్రం తగ్గుతుందని అంచనా. అంటే శుభ్రమైన కెరటం సోమవారం పొద్దున్న. అక్కడ, దుబాయ్‌లో. నేను ఇక్కడ, తప్పు సముద్రం పక్కన కూర్చుని పులిహోర తింటున్నాను.

ఆదివారం ఫుజైరా చుట్టపు చూపుగా చూశాం. ఆకాశం అంచున వరసగా ఆయిల్ ట్యాంకర్లు, దీపావళికి పెట్టిన ప్రమిదల్లా. ఓడలకి ఇంధనం నింపే పెద్ద రేవుల్లో ఇదొకటి. శుక్రవారం సాయంత్రమైతే ఇక్కడ ఎద్దుల పోటీలు జరుగుతాయి. మనిషితో కాదు, మూపురాల ఎద్దులు రెండూ తలలు పెట్టి తోసుకుంటాయి. మేం తప్పిపోయాం. ఒంగోలు వైపు వాళ్లెవరైనా చూసొచ్చి చెప్పండి. కల్బాలో మడ అడవులు, కోరింగకి తమ్ముడిలా. అక్కడ తప్ప దాదాపు ఎక్కడా కనపడని లకుముకి పిట్ట రకం ఒకటుంది. మాకు నీలం రెక్క ఒక్క క్షణం మెరిసింది. అక్క అదే అంది, నాకు నమ్మకం లేదు. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. మనుషులు కాదు, తాడు కట్టిన పికప్ బండి. పెదజాలారిపేటలో ఇరవై మంది ఒక పాటతో లాగేది గుర్తొచ్చింది. అప్పుడే ఇంకోటి కూడా తట్టింది. మన జాలర్లు తెప్ప మీద నిలబడి కెరటం వీపెక్కి ఒడ్డుకి రావడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశాను! పలక వెడల్పు, తెడ్డు తేడా అంతే. మనకి కొత్త విద్యేం కాదు. అందులో ఆడవాళ్లుండేవారు కాదు, అదొక్కటే. కర్ణాటక తీరంలో ఇషితా మాలవీయ 2007లో మొదలుపెట్టేనాటికి మన దేశంలో సర్ఫింగ్ చేసే అమ్మాయిల్ని వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వచ్చేది.

సాయంత్రం ఫుజైరా నుంచి షార్జా జుబైల్ స్టేషన్‌కి బస్సు. దుబాయ్‌లో ఉండేవాళ్లకి యూనియన్ స్టేషన్ నుంచి ఇ 700 ఉంది, ఫుజైరాకి నేరుగా. కిటికీలోంచి చీకట్లో కొండలు పోతుంటే మనసులో లెక్కలు. సోమవారం పాపకి లెక్కల పరీక్ష. పొద్దున్న ఆరూ నలభైకి స్కూల్ బస్. మా ఆయనకి మీటింగ్. మధ్యాహ్నం రెండుంబావుకి పాప వస్తుంది. మూడు రోజులు తిరిగొచ్చిన మనిషి నాలుగో రోజు కూడా బయటికి పోతానంటే ఎలా ఉంటుంది? మూడు రోజుల సెలవులో కెరటం లేదు, పని రోజున ఉంది. ఇంటికి రాగానే అడగలేదు. గిన్నెలు కడిగాను, చీటీలు పీకాను, పాపకి భిన్నాలు మళ్లీ చెప్పించాను. పడుకునే ముందు మా ఆయనతో అంటే, ఆయన, "మళ్లీనా?" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను వద్దులే అనేసి పడుకున్నాను.

పొద్దున్న ఐదింటికి వంటింట్లో లైటు వెలిగి ఉంది. అత్తగారు పాప క్యారియర్ కడుతున్నారు. "నీ పలక పని చూసుకుని రెండింటిలోగా రా. మళ్లీ ఎప్పుడొస్తుందో ఆ గాలి" అన్నారు. రాత్రి గోడ అవతల నుంచి విన్నారన్నమాట. మా ఆయన స్నానం చేసి వచ్చి, "సరే, నేను దింపుతాను, త్వరగా తెములు" అన్నారు. షార్జా నుంచి దుబాయ్‌కి పొద్దున్న ట్రాఫిక్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. గంటా నలభై నిమిషాలు. ఆయన మీటింగ్‌కి పావుగంట ఆలస్యమయ్యారు. అది కూడా ఈ లెక్కలో రాసుకోవాలి.

సన్‌సెట్ బీచ్‌లో పసుపు జెండా. ఎర్ర జెండా ఉంటే మేం దిగం. కెరటాలు నడుం ఎత్తు, వరసగా, ఐదారు సెకన్లకి ఒకటి. నేర్పే అమ్మాయి ముందు నీళ్లు చదవడం నేర్పింది. కెరటాలు విరుగుతున్న చోట తెల్లగా ఉంటుంది. మధ్యలో ఒక పట్టీ మాత్రం నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు దిగడానికి అదే మంచి చోటనుకుంటారు. అదే రిప్ కరెంట్. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే కాలువ. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు, ఎంత ఈత వచ్చినా ఓడిపోతాం. ఒడ్డుకి అడ్డంగా, పక్కకి ఈదాలి. ఆ కాలువ వెడల్పు మామూలుగా కొన్ని పదుల మీటర్లే, దాటేస్తే వదిలేస్తుంది. ఆమె మామూలుగా చెప్పుకుపోతోంది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఈత వచ్చిన మా అన్నయ్యకి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో సముద్రం తీసుకుపోయింది అంటాం. అది ఏ దారిన తీసుకుపోతుందో నాకు ఆ రోజే తెలిసింది. కాసేపు ఇసుకలో కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏమీ అడగలేదు, నీళ్ల సీసా ఇచ్చింది.

తర్వాత దిగాను. ఛాతీ లోతులో పలక మీద పడుకుంటే, కెరటం వచ్చే ముందు ఆమె వెనక నుంచి తోస్తుంది. అంత లోతులో కెరటం వేగం గంటకి సుమారు పన్నెండు కిలోమీటర్లు, నా చేతుల వేగం అందులో సగం కూడా ఉండదు. అందుకే ఆ తోపు. మొదటిసారి ముక్కులోకి నీళ్లు. రెండోసారి పలక ముందుకి, నేను వెనక్కి. ఎన్నిసార్లు పడ్డానో లెక్కపెట్టలేదు. పడ్డప్పుడల్లా తల చేతులతో కప్పుకుని లేవాలి, పలక తగలకుండా. కాలికి కట్టిన తాడు లాగితే పలక తిరిగొస్తుంది. గంట దాటాక, ఇక చాలు అనుకున్న తర్వాత వచ్చినదాని మీద నిలబడ్డాను. మోకాళ్లు వంచి, పిరుదులు వెనక్కి పెట్టి, చూసేవాళ్లకి ఎంత వికారంగా ఉన్నానో వీడియోలో తర్వాత చూశాను. నాలుగు సెకన్లు. వేగంతో గుణిస్తే సుమారు పదమూడు మీటర్లు. చాపు చీర రెండు సార్లు పరిస్తే అయ్యేంత దూరం. ఇంకో మూడుసార్లు నిలబడ్డాను. పన్నెండయ్యేసరికి కెరటాలు మోకాలి ఎత్తుకి తగ్గిపోయాయి. మెట్రో, బస్సు, రెండు గంటల పది నిమిషాలకి మా మెట్ల మీద ఇసుక రాలుస్తూ నేను. స్కూల్ బస్ ఐదు నిమిషాల తర్వాత వచ్చింది.

ఈ సంగతులేవీ మా అమ్మకి చెప్పలేదు. ఎందుకో మీకు తెలుసు. ఎందుకిలా నల్లబడ్డావంటే ఎండ అన్నాను. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా పాప ఫోన్ లాక్కుని, "అమ్మమ్మా, అమ్మ కెరటం మీద నిలబడింది తెలుసా!" అని వీడియో కూడా పంపేసింది. అమ్మ మొహం అలాగే ఉంది, మాట రాలేదు. తర్వాత కాల్ కట్టయింది. మంగళవారం నేను చేస్తే ఎత్తలేదు. నాన్న ఎత్తి, గుడికెళ్లిందన్నారు. బుధవారం రాత్రి తనే చేసింది.

"ఆ పలకకి తాడుంటుందా?" అంది.

"ఉంటుందమ్మా. కాలికి కట్టుకుంటాను."

"ఏ కాలికి?"

"కుడి కాలికి. వెనక ఉండే కాలికి."

కాసేపు ఏమీ లేదు. రిప్ కరెంట్ గురించి చెప్పాను. పక్కకి ఈదాలని, ఆ కాలువ చిన్నదేనని. అమ్మ మధ్యలో ఒక్కసారి, "ఎంత వెడల్పన్నావు?" అని మాత్రం అడిగింది. చెప్పాను. "అంతేనా" అంది.

వేసవి సెలవులకి విశాఖ వెళ్తున్నాం. రుషికొండలో సర్ఫింగ్ నేర్పుతున్నారని మా ఆయనే చూసి చెప్పారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్తాను. బుధవారం ఫోన్ పెట్టేసే ముందు ఇంగువ అయిపోయిందా, ఎవరైనా వస్తుంటే పంపనా అని అడిగింది. ఉందన్నాను. "అయినా పంపుతాలే" అంది.